ఆ రోజు మాకేమీ కనబడలేదు

మన వార్షిక సంచికల్లో వచ్చిన యాత్రా వ్యాసాల మీద ఒక విమర్శ రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగితే, అదెంత పనిలే అని ఒప్పుకున్నాను. గరాజ్‌లో అట్టపెట్టెల్లో ఉన్న పాత సంచికలన్నీ దించి, దుమ్ము దులిపి, రెండు వారాంతాలు కూర్చుని చదివాను. గ్రాండ్ కాన్యన్, నయాగరా, ఎల్లోస్టోన్, అలాస్కా, కొలరాడో కొండలు, మా ఆట్లాంటా వాళ్ళకి పెరటి కొండల్లాంటి స్మోకీ మౌంటెన్స్. వెతికితే ఇరవై పైచిలుకు వ్యాసాలు దొరికాయి. అందులో ఒకటి నాదే. 2004 సంచికలో వచ్చింది. అచ్చయినప్పుడు నలుగురైదుగురు ఫోన్ చేసి మెచ్చుకున్నారు కూడా. విమర్శ ఎక్కడ మొదలుపెట్టాలా అన్న తర్జనభర్జన ఆ వ్యాసం కంటబడగానే తీరిపోయింది. పరాయివాళ్ళ వ్యాసాల్లో తప్పులెన్నేముందు మన చొక్కా చూసుకోవాలి కదా.

ముందు అందరికీ వర్తించే సంగతి చెప్తాను. మన కొండ వ్యాసానికి ఒక అచ్చు ఉంది. లాంగ్ వీకెండ్ వస్తోందనగానే రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్దామనుకోవడంతో మొదలవుతుంది. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా మినీవ్యాన్‌లోకి ఎక్కుతాయి. దారిలో ఒక మలుపు తప్పిపోవడం, దాని మీద భార్యాభర్తల మధ్య ఒక సరదా సంవాదం ఉంటాయి. తరవాత కొండ వస్తుంది. అక్కడ ‘వర్ణించడానికి మాటలు చాలవు’ అని ఒక వాక్యం, చాలవన్న తరవాత కూడా ఒక పేజీ నిండా మాటలు. అమెరికా వాళ్ళ శుభ్రత, క్రమశిక్షణ గురించి ఒక పేరా. చిన్నప్పుడు చూసిన అరకు గురించో, తిరుమల మెట్లదారి గురించో ఒక నిట్టూర్పు. చివర్లో ప్రకృతి ముందు మనిషెంత అల్పుడో అన్న వేదాంతం. ఇంటికి చేరడంతో సమాప్తం.

అచ్చు ఉండడం తప్పని నేననను. కావ్యాలకీ ఉంది. అష్టాదశ వర్ణనల్లో కొండ కూడా ఒకటి కాబట్టి, కథకి కావాలన్నా వద్దన్నా కవి కొండని వర్ణించి తీరాలి. మనం ఆ ఇంటి పిల్లలమే. నా అభ్యంతరం వేరు. ఈ వ్యాసాల్లో కొండ ఎప్పుడూ ఒక్క పనే చేస్తుంది: అందంగా కనబడుతుంది. అంతకు మించి ఏమీ చెయ్యదు, ఎవరినీ ఏమీ అనదు. ఎక్కినవాడు ఎక్కినట్టే దిగివస్తాడు. అసలా కొండ అక్కడ లేకపోయినా, గిఫ్ట్‌షాపులో కొన్న పోస్ట్‌కార్డు ముందు పెట్టుకుని ఆ వ్యాసం రాసెయ్యవచ్చు.

ఇది ఊహించి అన్న మాట కాదు. నేను అలాగే రాశాను.

2003 అక్టోబరులో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చారు. నాన్న పంచాయతీరాజ్ శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. తెనాలి చుట్టుపక్కల రోడ్లూ, కల్వర్టులూ, చప్టాలూ ఆయన జీవితం. ఆకుల రంగులు చూపిద్దామని స్మోకీస్‌కి తీసుకెళ్ళాం. అమ్మ మోకాళ్ళ నొప్పులని గాట్లిన్‌బర్గ్ హోటల్లో మా ఆవిడతో ఉండిపోయింది. నాన్నా, నేనూ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయీ ఆలమ్ కేవ్ ట్రెయిల్‌కి వెళ్ళాం. అది చివరిదాకా పోతే 5 మైళ్ళకి, 6,593 అడుగుల లెకాంట్ శిఖరం చేరుస్తుంది. మేం అనుకున్నది దారి మధ్యలో 2.3 మైళ్ళ దగ్గరున్న ఆలమ్ కేవ్ వరకే. పేరుకి గుహ గానీ నిజానికి అది గుహ కాదు. దాదాపు 80 అడుగుల ఎత్తున చూరులా ముందుకు వాలిన పెద్ద రాతిచరియ. 1830లలో అక్కడ ఎప్సమ్ సాల్ట్ తవ్వుకున్నారు.

నా 2004 వ్యాసంలో ఆ చరియ దగ్గరి ఘట్టం ఇలా ఉంది. అంచున నిలబడి చూస్తే అలలు అలలుగా నీలి కొండలు కనిపించాయట. వాటి మీద ఎర్రని, పసుప్పచ్చని ఆకులు ప్రకృతికాంత ఆరేసుకున్న పట్టుచీరలా ఉన్నాయట. దూరాన తుహినం, దగ్గర నీహారం, నడుమ హిమధూమం ఉన్నాయట. మా అమ్మాయి సెలయేళ్ళ గలగలలు విని కేరింతలు కొట్టిందట. నాన్న గారి గురించి ఒకే ఒక్క వాక్యం: ‘వయోభారం వల్ల నాన్న గారు కాస్త అలసినా, ఆ దృశ్యం చూసి అలసట మరిచిపోయారు.’

ఆ సంచిక ఊరికి పంపించాను. నాన్న చదివారు. ఆదివారం ఫోన్‌లో మాట్లాడుతూ, “బాగా రాశావురా. భాష బాగుంది. కానీ ఆ రోజు మనకేమీ కనబడలేదు కదా?” అన్నారు.

నేను నవ్వేసి, “వ్యాసం కదా నాన్నా, కొంచెం అలా ఉండాలి” అన్నాను.

“అవునులే” అన్నారాయన. ఆ మాట అక్కడితో అయిపోయింది.

నిజంగానే ఆ రోజు మాకేమీ కనబడలేదు. నడక మొదలుపెట్టినప్పుడు వాన లేదు. మైలున్నర నడిచేసరికి మబ్బు దిగిపోయింది. చరియ కిందకి చేరేసరికి ఇరవై అడుగుల అవతల ఉన్నది మనిషో చెట్టో తెలియని పరిస్థితి. నా పట్టుచీర హోటల్ పక్క కొట్లో అర డాలరుకి కొన్న పోస్ట్‌కార్డు మీదది.

నాన్న 2019లో పోయారు. ఆయన సామాన్లు సర్దుతుంటే డైరీలు బయటపడ్డాయి. ఉద్యోగంలో పడ్డ అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు, రోజుకి నాలుగైదు ముక్కలు రాసేవారు. 2003 డైరీలో ఆ శనివారం పేజీ మొత్తం ఇది:

‘8:40కి నడక మొదలు. బాట వెడల్పు సుమారు మూడడుగులు. నీళ్ళు పక్కకి పోవడానికి అడ్డంగా దుంగలు పాతారు, మంచి పద్ధతి. వాగు మీద దుంగ వంతెనలు, ఒక పక్కే రెయిలింగు. రాతి సొరంగంలో మెట్లు, ఇనప తాడు పట్టుకుని ఎక్కాం. ఎవరు కొట్టారో మెట్లు. పైనుంచి మబ్బు దిగింది. పెద్ద చరియ కింద కూర్చున్నాం. నేల పొడి, దుమ్ము. చూరు నుంచి చుక్కలు. పాప చలికి ఏడ్చింది, మఫ్లర్ కట్టాను. పులిహోర. ఏమీ కనబడలేదు. 2:10కి కిందికి వచ్చాం. మోకాలు పర్వాలేదు.’

ఒకే రోజు, ఒకే బాట, ఒకే ఇంటి మనుషులు రాసినవి రెండు. విమర్శకుడికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. మొహమాటం లేకుండా పక్కపక్కన పెట్టి చూద్దాం.

నా వ్యాసం ఐదు పేజీలు. అందులో బాట లేదు. కాళ్ళకింద ఏముందో ఒక్క ముక్క లేదు. చెట్లున్నాయి గానీ ఏ చెట్టో లేదు. నాన్న రాతలో బాట వెడల్పుతో సహా ఉంది. నా వ్యాసంలో పాప కేరింతలు కొడుతుంది, డైరీలో ఏడుస్తుంది. ఈ మధ్య మా అమ్మాయిని అడిగాను, నీకు ఆ రోజు ఏం గుర్తుందని. “తాతయ్య మఫ్లర్ గుర్తుంది నాన్నా. నాఫ్తలీన్ ఉండల వాసన వేసింది” అంది. కేరింతల సంగతి దానికి తెలియదు.

ఇంకొకటి మరీ సిగ్గుపడాల్సింది. నేను ఒకే పేరాలో తుహినం, నీహారం, హిమధూమం అని మూడు మాటలు వాడాను, మూడింటికీ తేడా తెలియకుండానే. నాన్న ఒక్క మాట వాడారు: ‘మబ్బు’. శాస్త్రం ప్రకారం ఆయనదే సరైన మాట. తేమగాలి కొండవాలుని ఎక్కుతూ చల్లబడి, వాలు మీదే మబ్బుగా మారుతుంది. కింద నుంచి చూసేవాడికి అది కొండ మీద మబ్బు, లోపల నడిచేవాడికి పొగమంచు. మేం నడిచింది మబ్బులోనే. పైగా ఈ పొగమంచు వల్లే వీటికి స్మోకీ అని పేరు వచ్చిందని కూడా నేను తేల్చేశాను. అదీ సరి కాదు. ఎండ కాసే రోజున కూడా ఈ కొండల మీద సన్నటి నీలిపొగ ఒకటి నిలబడి ఉంటుంది. చెట్లు వదిలే ఐసోప్రీన్ లాంటి ఆవిరులు గాలిలో కలిసి వెలుతురుని చెదరగొట్టడం వల్ల వచ్చే రంగు అది. ఈ కొండల్ని చెరొకీ జనం షకొనాగే అన్నారు, నీలిపొగల చోటు అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు ఆ పొగని చూసి పెట్టారు. నేను దాని గురించి రాసింది చూడకుండా.

మనకి భాష చాలక ఇలా జరుగుతోందా అని ఒక అనుమానం. తెలుగులో మంచు అంటే ఉదయం గడ్డి మీది చుక్కా మంచే, పాడేరు లోయలో కమ్మేదీ మంచే, మిన్నెసోటాలో నడుము లోతు పడేదీ మంచే. సరే, మాటలు తక్కువే. కానీ ‘ఇరవై అడుగుల అవతల ఉన్నది మనిషో చెట్టో తెలియలేదు’ అని రాయడానికి ఏ సంస్కృత నిఘంటువూ అక్కర్లేదు. మాటలు చాలలేదన్నది సాకు. చూపు చాలలేదు.

సంప్రదాయం అలాంటిది, మనమేం చేస్తాం అంటారేమో. సంప్రదాయాన్ని సరిగ్గా చదివితే అది మన పక్షాన సాక్ష్యం చెప్పదు. తెలుగులో ఒక్క పూటకి కొండ మీదికి వెళ్ళొద్దామనుకున్న ప్రసిద్ధుడు పెద్దన గారి ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పాదలేపనం రాసుకుని హిమాలయానికి వెళ్ళాడు. మధ్యాహ్నపు అనుష్ఠానానికి ఇల్లు చేరాలని అతని లెక్క. మనం బడిలో ఆ వర్ణన పద్యం బట్టీ పట్టి, ఆ వెంటనే వరూధిని దగ్గరికి పరిగెత్తాం. ఆ రెండింటి మధ్య జరిగిన అసలు సంగతి మీద మన కన్ను నిలవలేదు. మంచు తగిలి పాదలేపనం కరిగిపోయింది. కొండ అతన్ని తీసుకొచ్చిన సాధనాన్నే లాగేసుకుంది. ఇక తిరుగుదారి తెలియదు. పెద్దన ఆ కొండలెక్కి చూసి రాశాడని ఎవరూ అనుకోరు. అయినా ఆయన హిమాలయం ప్రవరుడికి ఏదో చేసింది. కథంతా దాని మీదే నడిచింది. నేను స్వయంగా ఎక్కిన కొండ నా వ్యాసంలో ఎవరికీ ఏమీ చెయ్యలేదు. చూడకుండా రాయడం ఒక్కటే నేరమైతే పెద్దన గారికీ శిక్ష పడాలి. అసలు తేడా అది కాదు. ఆయన కొండకి మనిషితో పని ఉంది, నా కొండకి లేదు.

ప్రవరుడి సంగతి మనకి మరీ దగ్గరిది కూడా. రెండేళ్ళుండి నాలుగు డాలర్లు వెనకేసుకుని వెళ్ళిపోదామని వచ్చినవాళ్ళమే మనలో చాలామందిమి. ఏ మంచుకి ఏ లేపనం కరిగిందో తెలియదు. ప్రవరుడు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరాడు. మనం ఇక్కడే ఇల్లు కొనుక్కున్నాం. ఇన్నేళ్ళ మన కొండ వ్యాసాల్లో ఈ పోలిక ఒక్కరికీ తట్టకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. తట్టాలంటే కొండ మీద ఒకసారైనా దారి తప్పిన భయాన్ని ఒప్పుకోవాలి. మన వ్యాసాల్లో దారి తప్పేది హైవే మీదే, అదీ నవ్వించడానికి.

రెండో సాక్షి ఏనుగుల వీరాస్వామయ్య గారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మేలో బయల్దేరి, 1831 సెప్టెంబరు దాకా కాశీకి వెళ్ళివచ్చి, ‘కాశీయాత్ర చరిత్ర’ రాశాడు. అచ్చయింది 1838లో. ఆయన ప్రతి మజిలీ దగ్గరా ఊరికీ ఊరికీ మధ్య దూరమెంత, దారి రాళ్ళా ఇసకా, నీళ్ళ వసతి ఉందా, దినుసులు దొరుకుతాయా అన్నవి రాసుకుంటూ పోతాడు. నల్లమల అడవిలో శ్రీశైలం దారి గురించి రాసినప్పుడు కూడా అంతే. తన తరవాత ఆ దారిన వచ్చేవాడొకడు ఉంటాడని ఆయన నమ్మకం. వాడికి పనికిరావాలి. మన వ్యాసం చదివి ఆలమ్ కేవ్ ట్రెయిల్‌కి వెళ్ళేవాడికి ఏం పనికొస్తుంది? పట్టుచీర పనికి రాదు. రాతి సొరంగంలో మెట్లు తడిగా ఉంటాయి, తాడు పట్టుకోండి అన్న నాన్న ముక్క పనికొస్తుంది.

ఇదంతా విని, సంపాదకవర్గంలోని మిత్రుడొకాయన, “ఏమండీ, అయితే ఇక మీదట వ్యాసాల్లో వంతెనల రెయిలింగులు లెక్క రాయమంటారా? ఎవరు చదువుతారండీ?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. వీరాస్వామయ్య గారి పుస్తకం కూడా కొన్ని చోట్ల వరసగా చదివితే కునుకు పట్టే మాట నిజం. నాన్న డైరీని నేను నెత్తిన పెట్టుకుంటున్నానని మీకూ అనిపించవచ్చు. అందులో లోటు లేకపోలేదు. ‘ఏమీ కనబడలేదు’ అని రాసి ఊరుకున్నారు. అంత దూరం విమానమెక్కి వచ్చి, ఆ వయసులో అంత ఎత్తు ఎక్కి, ఏమీ కనబడకపోతే ఆయనకేమనిపించింది? బాధపడ్డారా? ‘దీనికోసమా వీడు నన్ను తీసుకొచ్చింది’ అనుకున్నారా? లేక, అందరం ఒక చూరు కింద కూర్చున్నాం కదా, అదే చాలనుకున్నారా? డైరీ చెప్పదు. ఆయన్ని అడిగి చెప్పించాల్సిన పని వ్యాసం రాసేవాడిది. నేనేమో దృశ్యం చూసి అలసట మరిచిపోయారని రాసి, ఆయన నోటికి నా పట్టుచీర కప్పేశాను. డైరీ అక్కడ ఆగిపోతే వ్యాసం అక్కడి నుంచి మొదలవ్వాలి. కానీ డైరీ చూసినది కూడా చూడకుండా వ్యాసం మొదలవ్వలేదు.

ఈ రెండూ కలిసిన చోటు తెలుగులో లేకపోలేదు. వెతుక్కోనక్కర్లేదు కూడా, మన అమెరికా తెలుగువాళ్ళు పెట్టిన పోటీలోనే బహుమతి పొందింది. 2019లో తానా నవలల పోటీలో గెలిచిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’. కరువొచ్చి నీళ్ళూ మేతా లేక గొర్రెల్ని నల్లమలకి తోలుకుపోవడాన్ని కొండపొలం అంటారు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడొకడు ఆ మందతో వెళ్తాడు. ఆ నవలలో ప్రతి వాగుకీ, చెట్టుకీ, మలుపుకీ పేరుంటుంది. ఎందుకంటే ఆ పేరు తెలియకపోతే గొర్రె పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. కుర్రాడు ఆ పేర్లు నేర్చుకుంటూ మారతాడు. వివరం అక్కడ అలంకారం కాదు, ప్రాణావసరం. వీరాస్వామయ్య గారు నడిచిన అదే నల్లమల ఇది.

మనకి అమెరికా కొండల్లో అలాంటి ప్రాణావసరం ఏముంది, శనివారం పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తాం కదా అంటారా? అదీ నిజమే. మన గొర్రెలు అక్కడ మెయ్యవు. కానీ అవసరం వేరే రూపంలో ఉంది. నాన్న అడిగిన ప్రశ్ననే తీసుకోండి: మెట్లు ఎవరు కొట్టారు? ఇరవై ఏళ్ళ తరవాత జవాబు వెతికాను. ఈ పార్కు 1934లో ఏర్పడింది. అంతకు ముందు ఇక్కడ సేద్యం చేసుకునే కుటుంబాల నుంచి నేల కొని, కొందరి ఇష్టానికి వ్యతిరేకంగా, వాళ్ళని ఖాళీ చేయించారు. ఇక్కడి బాటలూ వంతెనలూ చాలా భాగం 1933, 1942 మధ్య, మహామాంద్యం రోజుల్లో పనిలేని కుర్రాళ్ళు సిసిసి అనే ప్రభుత్వ పథకం కింద వేసినవి. వాళ్ళందరికంటే ముందు చెరొకీలు ఉన్నారు. వాళ్ళలో వేలమందిని పడమటికి తోలేసింది 1838లో, మన కాశీయాత్ర చరిత్ర మద్రాసులో అచ్చయిన ఏడే. ఈ కొండల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరానికి చాలా కాలం క్లింగ్‌మన్స్ డోమ్ అన్న పేరుండేది. చెరొకీలు అడిగితే 2024లో దాని పాత పేరు కువోహి మళ్ళీ అధికారికంగా వచ్చింది. మనం వచ్చి ఇల్లు కట్టుకున్న దేశం ఇది. ఎవరు ఉండేవారో, ఎవరు వెళ్ళిపోయారో, ఎవరు మెట్లు కొట్టారో తెలియకుండా ఉండడం అతిథికి చెల్లుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నవాడికి చెల్లదు. ‘అమెరికావాళ్ళ క్రమశిక్షణ’ అన్న పేరా నిండా నేను రాసిన పొగడ్తల కంటే, ఆ ఓవర్సీరు గారి ఒక్క ప్రశ్న ఈ దేశాన్ని ఎక్కువ గౌరవించింది.

2025 మే నెలలో మా అమ్మాయీ నేనూ మళ్ళీ ఆ బాట పట్టాం. ఇప్పుడు దానికి ముప్ఫై ఒకటి, నాకు అప్పటి నాన్న వయసు దగ్గరపడింది. ఈసారి డైరీ పేజీ జిరాక్సు తీసి జేబులో పెట్టుకున్నాను. అప్పట్లో కారు ఊరికే ఆపుకునేవాళ్ళం. ఇప్పుడు రోజుకి 5 డాలర్ల పార్కింగ్ ట్యాగ్ కొనాలి, 2023 నుంచి వచ్చింది. 2015, 2016లలో ఈ బాటని బాగుచేశారు. కొత్త రాతిమెట్లు చాలా కట్టారు. నాన్న మెచ్చిన అడ్డదుంగల పద్ధతి మాత్రం అలాగే ఉంది. వాగు పక్కన పెద్ద పెద్ద హెమ్‌లాక్ చెట్లు కొన్ని నిలబడే చచ్చిపోయి ఉన్నాయి. వాటి రసం పీల్చే చిన్న పురుగు ఈ పార్కులో కనబడింది 2002లో. అంటే మేం మొదటిసారి వచ్చేనాటికే వచ్చింది. అప్పుడు పచ్చగా ఉన్నవాటిని నేను ‘వృక్షరాజములు’ అని రాసి ముందుకి పోయాను. ఏ వృక్షరాజములో రాసి ఉంటే ఇవాళ ఆ వ్యాసం కనీసం సాక్ష్యంగానైనా పనికొచ్చేది.

రాతి సొరంగం దాటాక మబ్బు దిగింది. మా అమ్మాయి వెనక్కి తిరిగి, “ఇవాళ కూడానా!” అని నవ్వింది. చరియ కింద పొడి దుమ్ములో కూర్చున్నాం. చూరు మీంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. రాయి మీద పడ్డ చుక్కకి ఒక చప్పుడు, దుమ్ములో పడ్డ చుక్కకి ఇంకో చప్పుడు. దగ్గర్లో ఎవరో పోంచో వేసుకుని పైకి పోయారు, పది అడుగులకే మాయమైపోయారు. మాటలు మాత్రం చాలా సేపు వినబడ్డాయి. పులిహోర తిన్నాం.

“తాతయ్య ఇక్కడ ఏం మాట్లాడారు?” అనడిగింది.

గుర్తు తెచ్చుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. గుర్తు రాలేదు. పట్టుచీర గుర్తుంది, హిమధూమం గుర్తుంది, అచ్చయినవన్నీ గుర్తున్నాయి. ఆయన పక్కన కూర్చుని అన్నమాట ఒక్కటీ లేదు. రాసుకున్న అబద్ధం, రాయని నిజాన్ని తుడిచేసింది. యాత్రా వ్యాసం గురించి నాకు తెలిసిన విమర్శ సూత్రం ఏదైనా ఉంటే అది ఇదే, ఆ చరియ కింద కూర్చుని నేర్చుకున్నదే.

అందుకే ఇకమీదట ఈ సంచికకి కొండ వ్యాసం పంపేవాళ్ళకి నా మనవి చిన్నది. పట్టుచీరలు మానేయండి అనను, నిజంగా కనబడితే తప్పకుండా రాయండి. మబ్బు దిగితే మబ్బు దిగిందని రాయండి. మీతో వచ్చిన పెద్దవాళ్ళు ఏమన్నారో ఆ రాత్రే రాసిపెట్టుకోండి, ఎంత చిన్న మాటైనా సరే. పాప ఏడిస్తే ఏడ్చిందనే రాయండి. మన పిల్లల పిల్లలు ఎప్పుడైనా ఎవరిచేతనైనా చదివించుకుని మన సంచికలు తిరగేస్తే, వాళ్ళు వెతికేది నీలికొండల కోసం కాదు. అవి వాళ్ళు వెళ్ళి చూసుకుంటారు. మనకోసం వెతుకుతారు.

పాత రోజుల్లో తెలుగు పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఒకటి ఉండేది. మన సంచికల్లో ఆ అలవాటు పోయింది. సంపాదకుల అనుమతితో దాన్ని ఒక్క సవరణ కోసం మళ్ళీ తెరుస్తున్నాను. 2004 సంచిక, నా వ్యాసం. ‘అలలు అలలుగా నీలి కొండలు’ అన్న చోటు నుంచి ఆ పేరా చివరిదాకా కొట్టివేసి, ‘ఏమీ కనబడలేదు. మా నాన్న మా అమ్మాయికి మఫ్లర్ కట్టారు’ అని చదువుకోవాలి.